కిటికీలు తెరిచే వేళ

జూలై 6

ఎవరికీ చెప్పనని ఆయన చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. డైరీ ‘ఎవరూ’ కిందికి రాదు కాబట్టి రాసుకుంటున్నాను. రాయకపోతే ఈ మాట ఎక్కడ నోరు జారి బయట పడుతుందోనని భయంగా ఉంది.

పొద్దున ఆయన టీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. టీ చల్లారి మీగడ కట్టింది. ఏమైందంటే ఏమీ లేదన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈయన ఏమీ లేదన్న ప్రతిసారీ ఏదో ఒకటి ఉండి తీరింది. నేను వదల్లేదు. చివరికి బూట్ల లేసులు కట్టుకుంటూ, తలెత్తకుండా చెప్పారు. గని బురద నిలిపే ఎర్ర చెరువు కట్టని చూసుకోవడమే ఈయన ఉద్యోగం. దాని అడుగున ఊట రంగు మారిందట. ఊట ఎప్పుడూ ఉండేదే. తేటగా వస్తున్నంతకాలం ఫరవాలేదని ఆయనే అనేవారు. ఇప్పుడు ఎర్రగా వస్తోంది. అంటే నీళ్లు కట్ట లోపలి మట్టిని కొరుక్కుంటూ వస్తున్నాయన్నమాట.

“మేనేజరుకి చెప్పాను. వానలు తగ్గాక చూద్దామన్నాడు. అప్పటిదాకా నోరు కుట్టేసుకోమన్నాడు. ఈ మాట బయటికి పొక్కితే ముందు పోయేది నా ఉద్యోగమేనట.”

“మరి దిగువ వీధి?” అన్నాను.

రెండో బూటు లేసు కట్టుకోకుండానే వెళ్లిపోయారు.

కట్ట కిందే ఉన్న ఆ వీధిలో నా చెల్లి ఉంది. దానికి ఎనిమిదో నెల.

జూలై 7

ఏమీ కాదు. వానలు తగ్గాక బాగుచేస్తారు. మేనేజరుకి మాత్రం ప్రాణం మీద తీపి ఉండదా? ఆయన ఆఫీసు కూడా దిగువనే కదా.

జూలై 8

మేనేజరు ఆఫీసు దిగువన లేదు. పోయిన ఏడాదే గెస్ట్‌హౌస్ పక్కకి, కొండ మీదికి మార్చారు. నేనెలా మర్చిపోయానో.

జూలై 10

తొమ్మిదో తరగతికి ఇనుప ఖనిజ ప్రాంతాల పాఠం ఇవాళే రావాలా!

పిల్లలకి ఈ పాఠమంటే ఇష్టం. వాళ్ల నాన్నల పాఠం మరి. గోడ మీది మ్యాపులో ఎర్ర చుక్కలు ఒక్కొక్కటీ కర్రతో చూపించుకుంటూ పోయాను. ఆస్ట్రేలియాలో పిల్బరా అంటే ఎర్రటి నేల, కిలోమీటర్ల పొడవుండే రైళ్లు అన్నాను. మన రైలుకన్నా పొడవా అని వెనక బెంచీలోంచి ఒకడికి కోపం వచ్చింది. బ్రెజిల్లో కరజాస్ అంటే చుట్టూ మహారణ్యం, కొండ నెత్తిన మాత్రం ఇనుప పెచ్చు, దాని మీద పెద్ద చెట్టు మొలవదు అన్నాను. రష్యాలో కుర్స్క్ దగ్గర భూమిలో ఉన్న ఇనుముకి దిక్సూచి ముల్లు దారి తప్పుతుందని చెప్పి, బడి దిక్సూచి తీసి బల్ల మీద పెట్టాను. మా బడిలోనూ అది ఉత్తరం చూపించదు. గని వైపు మొహం తిప్పుకుని కూర్చుంటుంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. స్వీడన్లో కిరునా అనే ఊరికింద ఖనిజం తవ్వుతుంటే నేల కుంగుతోందనీ, ఊరినే మెల్లగా పక్కకి జరుపుతున్నారనీ, చర్చిని కూడా చక్రాల మీద పెట్టి లాక్కెళ్లారనీ చెప్పాను.

“మన ఊరిని ఎప్పుడు జరుపుతారు టీచర్?” అంది ఒక పిల్ల. దిగువ వీధి పిల్ల.

మన ఊరికేమొచ్చింది, కూర్చో అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, బిక్కమొహం వేసింది.

పుస్తకంలో గని బొమ్మ ఉంది, రైలు ఉంది, రేవు ఉంది. చెరువు లేదు. ఎక్కడైనా సరే, రాయిని పొడి చేసి కడిగితే మంచి ఖనిజం రైలెక్కి పోతుంది, కడిగిన బురద ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. మా ఊళ్లో అది కొండ నడుము దగ్గర ఆగింది. ముందు చిన్న కట్ట, దాని మీద ఇంకో కట్ట, దాని మీద ఇంకోటి. ఇన్నేళ్లుగా చెబుతున్న పాఠం. చెరువు లేని సంగతి ఇవాళే కనిపించింది నాకు.

జూలై 13

చెల్లి దగ్గరికి వెళ్లాను. దిండుకి జారగిలబడి మహారాణిలా ఉంది. మెట్లెక్కొద్దు, బరువులెత్తొద్దు అని డాక్టరు చెప్పాడు కదా, కంచం కూడా బరువేనట దానికి. మంచం పక్కనే మిషను పెట్టుకుని కుట్టుపెద్దమ్మ బుజ్జి చొక్కాలు కుడుతోంది. మాకు చుట్టరికం లేదు, చెల్లి పక్కింటి మనిషి. వయసులో ఉన్నప్పుడు గనిలో బెల్టు దగ్గర రాళ్లు ఏరేది. ఇప్పుడు వీధి మొత్తానికి యూనిఫాంలు కుడుతుంది. ఆవిడకి నా అనేవాళ్లు లేరు. ఉంటే మాత్రం ఏం, వాళ్లూ నేను కుట్టినవే తొడుక్కుని చేతులు పొడుగయ్యాయని నన్ను తిట్టేవాళ్లు అని నవ్వుతుంది.

మాట్లాడుతుండగానే ఒంటిగంట సైరన్ కూసింది. పెద్దమ్మ నోట్లో సూది అలాగే ఉంచుకుని లేచింది. కిటికీలన్నీ బార్లా తెరిచింది. గాజు గ్లాసులు అలమరలోంచి దించి పరుపు మీద పెట్టింది, పొయ్యి కట్టేసింది, చెల్లిని లేపి తెచ్చి గడపలో కూర్చోబెట్టి పక్కన తనూ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఇంకా పెచ్చులూడే పైకప్పులున్న ఇళ్లు ఇవి, ద్వారబంధం కిందైతే ప్రాణానికి ఢోకా లేదని అందరి నమ్మకం. గనిలో ఢామ్మని పేలింది. నేల అదిరింది. పెద్దమ్మ చటుక్కున లేచి కిటికీలన్నీ వరసగా మూసేసింది, వెనకే ఎర్ర దుమ్ము వస్తుంది కాబట్టి. ఈ ఊళ్లో దీన్ని పని అని ఎవరూ అనుకోరు. ఆవలింత ఎలాగో ఇదీ అంతే.

చెల్లి ఇంట్లో లోపలి గదికి కొత్త అద్దాలు వేశారు. ఎండాకాలంలో ఒకరోజు అందరూ బయటికెళ్తే, తెరవని కిటికీ పగిలి గాజుపెంకు దిండులో దిగబడింది. అప్పట్నుంచి దానికి గాజంటే వణుకు. ఆ గదికే సున్నం కొట్టించి ఉయ్యాల కట్టించారు మరిది. ఆయన డంపరు డ్రైవరు. పగలంతా గనిలోనే.

పురుడు దాకా నా దగ్గర ఉండరాదుటే అన్నాను. నవ్వింది. ఎందుకక్కా, ఇక్కడ నాకేం తక్కువ అంది.

బుజ్జి చొక్కాలు మడతపెట్టి వచ్చేశాను.

జూలై 15

ఊట ఎలా ఉందని అడిగాను. ఎర్రగా అన్నారు. ఎంత ఎర్రగా అని అడగలేదు.

జూలై 18

నవ్వాలో ఏడవాలో తెలియని రోజు.

పైనుంచి తనిఖీవాళ్లు వస్తున్నారని కంపెనీ ఒక డ్రిల్లు పెట్టింది. కట్టకి ఏదైనా అయితే సైరన్ మోగుతుంది, ఊరంతా నీళ్ల ట్యాంకు మెరకకి నడవాలి. కొత్త సైరన్ కొనడం వానలు తగ్గాక. అందాకా పేలుడు సైరనే వాడతారు. అది కూసి ఆగిపోతే పేలుడు, ఆగకుండా కూస్తూ ఉంటే కట్ట. నోటీసు అంటించారు. బడిలో చదివి వినిపించింది కూడా నేనే.

పదకొండింటికి సైరన్ మోగింది. నేను లేచాను. కిటికీలు తెరిచాను. గడపలో కూర్చున్నాను. పిల్లలంతా వాళ్ల వాళ్ల కిటికీలు తెరిచి, తలుపుల దగ్గర గుంపుగా కూర్చున్నారు. సైరన్ మోగుతూనే ఉంది. ఇవాళేంటి టీచర్ ఇంతసేపు అన్నారు. ఏమో, పెద్ద పేలుడేమో అన్నాను. నేనే అన్నాను! జీపులో ఒకడు మైకు పట్టుకుని వచ్చి నడవండి నడవండి అని మొత్తుకుంటే గానీ నాకు బుర్ర వెలగలేదు.

దిగువ వీధిలోనూ అంతేనట. వీధి వీధంతా కిటికీలు తెరిచి గడపల్లో కూర్చుని ఆకాశంలోకి చూస్తోందట. తనిఖీవాళ్లు ఫొటోలు తీసుకున్నారు. ప్రజలు ప్రశాంతంగా సహకరించారని రాసుకున్నారట.

సాయంత్రం ఈయనకి చెబితే నవ్వుతారనుకున్నాను. మొహం పాలిపోయింది. సైరన్ వినగానే ఈ ఊరి కాళ్లు గడప దగ్గరికే పోతాయి. నోటీసు చదివి వినిపించిన నా కాళ్లే అటు పోయాయి.

జూలై 19

తొమ్మిదో తరగతిని ట్యాంకు మెరకకి తీసుకెళ్లాను. ఎత్తుపల్లాల పాఠం అని చెప్పాను. బడి నుంచి ఏ దారి ఎంత వాలుగా ఉందో కొలిపించాను. రేపు ఎనిమిదిని, ఎల్లుండి ఏడుని తీసుకెళ్తాను. హెడ్మాస్టరు మెచ్చుకున్నారు.

సైరన్ ఆగకపోతే ఎక్కడికి పోవాలి అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాను. ట్యాంకుకి టీచర్ అని అరిచారు. వాళ్లకి ఆటగా ఉంది.

జూలై 21

చెల్లికి అబద్ధం చెప్పాను. డాక్టరు దారిలో కనిపించాడనీ, దిగువన దుమ్ము ఎక్కువ, కడుపులో బిడ్డకి మంచిది కాదు, పురుడు దాకా ఎగువన మా ఇంట్లో ఉంచమన్నాడనీ చెప్పాను. ఎంత గడగడా చెప్పానో! అబద్ధాలు నాకు ఇంత బాగా వస్తాయని తెలియదు.

బిడ్డ మాట ఎత్తగానే మెత్తబడింది. పగలు నేను బడికి పోతే తనకెవరు తోడు అంది. పెద్దమ్మని కూడా తెచ్చేస్తాను, మిషను మా వరండాలో పెట్టిస్తాను అన్నాను. ఆ మాట అప్పటికప్పుడు వచ్చింది నోటికి. వచ్చాక ఎంత హాయిగా అనిపించిందో. ఒకరికి బదులు ఇద్దరు పైకొస్తారు.

జూలై 23

మరిది డంపరు స్నేహితుణ్ణి బతిమాలి చిన్న ట్రక్కు తెచ్చారు. చెల్లి ముందు సీట్లో. వెనక మిషను, మిషను మీద చెయ్యేసుకుని పెద్దమ్మ. ఊరేగింపు బాగుందా పంతులమ్మా అని పై నుంచి కేకేసింది నన్ను చూసి.

చెల్లి నా గదిలో పడుకుని ఉంది. దాని ఊపిరి ఇక్కడికి వినిపిస్తోంది. చాలా రోజుల తర్వాత అన్నం సహించింది నాకు.

జూలై 26

అనుకున్నంత సుఖం లేదు.

ఒంటిగంట కాగానే చెల్లి మంచం మీద కాలు కాలిన పిల్లిలా అయిపోతోంది. అయ్యో నా కిటికీలు, అయ్యో నా అద్దాలు. తెరిచే ఉంచేద్దామే అన్నాను. దుమ్ము పడి గదంతా ఎర్రబడిపోతుందంది. వేసిన సున్నం, కుట్టిన బట్టలు, ఉయ్యాల. పగిలితే మళ్లీ వేయిద్దామన్నాను. ఉయ్యాల ఉన్న గదిలో గాజుపెంకులా అని నా మీద ఏడుపు లంకించుకుంది. నేను పోతాను, రోజూ పోయి తెరిచి వస్తాను, లేదంటే అక్కడే ఉంటాను, ఈ దుమ్ములోనే అమ్మ కనలేదా మనల్ని అంది. లేచి చెప్పులు వెతుక్కుంది కూడా.

నా పైప్రాణం పైనే పోయింది.

“ఎందుకే తల్లీ గొడవ? నేను పోయి తెరిచొస్తాలే. కాసేపు కాళ్లు సాగినట్టూ ఉంటుంది, కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేస్తున్నాయి,” అంది పెద్దమ్మ.

చెల్లి నా వైపు చూసింది. పెద్దమ్మ నా వైపు చూసింది.

సరే పెద్దమ్మా అన్నాను.

జూలై 27

కాసేపటి పనే. పోవడం, తెరవడం, మూయడం, రావడం. మిగతా పగలంతా ఇక్కడే ఉంటుంది. మునుపు రోజంతా అక్కడే ఉండేది. ఆ లెక్కన నేను చేసింది మంచే.

జూలై 29

పెద్దమ్మ కింది నుంచి వచ్చి కబుర్లు చెబుతోంది. ఈ ఏడు కట్ట కింద గడ్డి ఎంత పచ్చగా ఉందో చూడాలి పంతులమ్మా, మేకలకి పండగే అంది.

గడ్డి ఎందుకు పచ్చగా ఉందో ఈ ఇంట్లో ఇద్దరికి తెలుసు. అందులో ఒకరు బూట్లు విప్పడం మానేశారు. భోజనానికి కూడా బూట్లతోనే కూర్చుంటున్నారు.

పెద్దమ్మకి చెప్పాలి. చెబితే కడుపులో దాచుకునే మనిషేనా? వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి మాట్లాడే మనిషి. ఆవిడకి తెలిస్తే సాయంత్రానికి ఊరికి తెలుస్తుంది. తెలిస్తే మంచిదే కదా. ఈయన ఉద్యోగం పోతుంది. పోతే పోతుంది. ఈయన మొహం ఎలా చూడను? మాటిచ్చాను.

రేపు చెబుతాను.

జూలై 30

చెప్పలేదు. బడిలో ఆలస్యమైంది.

ఆగస్టు 1

పెద్దమ్మకి ఒళ్లు వెచ్చబడింది. మధ్యాహ్నం అన్నం బెల్లులో నేనే కిందికి వెళ్లాను.

వీధి మలుపు తిరిగాను. ఎప్పుడూ నడిచే వీధే. కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని వడకట్టని నీళ్ల గురించి తగువులాడుకుంటున్నారు. ఎవరింట్లోనో రేడియో. చెల్లి ఇంట్లో వెనక కిటికీ గొళ్లెం రాలేదు, చేత్తో గుద్దితే గానీ ఊడలేదు. అన్నీ తెరిచి గడపలో కూర్చున్నాను. అప్పుడు చూశాను. ఈ గడపలో కూర్చుంటే ఎదురుగా కట్టే కనిపిస్తుంది. ఇన్నిసార్లు వచ్చినా ఎప్పుడూ పట్టించుకోలేదు. కొండ వరసలో అదీ ఒకటన్నట్టు పచ్చగా, పెద్దగా, ఊరి మీదికి వంగినట్టు. దాని కాళ్ల దగ్గర్నుంచి వచ్చే కాలువ ఈ వీధి పక్కనే పోతుంది. నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి.

పేలుడు వినిపించింది. గని పేలుడేనని తెలిసేదాకా కదల్లేకపోయాను. కిటికీలు ఎలా మూశానో తెలియదు. తాళం వేశానో లేదో తెలియదు. పరిగెత్తాను. టీచరమ్మ రోడ్డు మీద పరిగెత్తడం చూసి కొట్టు ముందు ఆడవాళ్లు తగువు ఆపారు.

ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ దుప్పటి కప్పుకుని బొత్తాలు కుడుతోంది.

“తెరిచావా? వెనక కిటికీ గొళ్లెం బిగుసు, గుద్దాలి. చెప్పడం మర్చిపోయాను,” అంది.

గుద్దాను అన్నాను. రేపట్నుంచి నేనే వెళ్తాలే పెద్దమ్మా అన్నాను. నీకు బడి లేదా, అన్నం బెల్లులో అన్నం తినాలి గానీ ఊళ్లు తిరుగుతారా, రేపటికి నాకు తగ్గిపోతుంది అంది.

నేను వెంటనే సరే అన్నాను. ఎంత తొందరగా అన్నానో, ఆ తొందర నాకే వినిపించింది.

ఆగస్టు 2

పెద్దమ్మకి తగ్గింది. వెళ్లింది. వచ్చింది.

ఆగస్టు 5

వెళ్లింది. వచ్చింది. ఆవిడ ఎప్పుడొస్తుందా అని చెల్లి గడియారం చూడదు. నేను బడిలో ఉన్నా చూస్తూనే ఉంటాను.

ఆగస్టు 6

ఈయన మేనేజరుతో పోట్లాడారట. పైవాళ్లకి రాస్తానన్నారట. రాసుకో, ముందు రాజీనామా రాసి తర్వాత రాసుకో అన్నాడట మేనేజరు. చెల్లి వినకుండా వంటింట్లో చెప్పారు. చెప్పి, పెద్దమ్మ ఇంకా కిందికి వెళ్తోందా అని అడిగారు.

“మీరే కదా ఎవరికీ చెప్పొద్దన్నారు,” అన్నాను.

“నేనన్నాను,” అన్నారు.

ఆవిడ వెళ్లకపోతే చెల్లి వెళ్తుంది. ఆ మాట ఈయనకి చెప్పలేదు. డైరీకి కూడా ఇవాళే చెబుతున్నాను.

ఆగస్టు 8

రేపు చెబుతాను. చొక్కాలు నాలుగూ అయిపోయాయి, అయిదోది ఉంది, అది కాగానే ఇక కిందికి వెళ్లక్కర్లేదు పెద్దమ్మా, అద్దాలు తీయించేద్దాం అని చెబుతాను. అద్దాలే తీయించేస్తే! ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదు నాకు? చెక్క పలకలు కొట్టిస్తే సరిపోతుంది కదా. రేపు మరిదితో మాట్లాడతాను.

ఆగస్టు 11

ఇది రాయాలి.

మొన్న సైరన్ మోగినప్పుడు ఒంటిగంట ఇంకా కాలేదు. కొంచెం ముందుగా మోగింది, అంతే. గడియారం వెనకపడిందేమో అనుకున్నాం. పిల్లలు కిటికీలు తెరిచారు. గడప దగ్గర చేరారు. నేనూ చేరాను. అది ఆగలేదు. ఆగలేదు. ఎత్తుపల్లాలు కొలిచిన పిల్లే, ఆ దిగువ వీధి పిల్లే, నా కొంగు పట్టుకుని, “టీచర్, ట్యాంకు,” అంది.

పరిగెత్తాం. బడి బడంతా. ట్యాంకు మెరక మీదికి వచ్చాక వెనక్కి తిరిగాను. దిగువ వీధి అంతా కనిపిస్తుంది అక్కడి నుంచి. ప్రతి ఇంటి కిటికీ తెరిచి ఉంది. గడపల్లో మనుషులు. కొందరు లేచి అటూ ఇటూ చూస్తున్నారు. నలుగురైదుగురు మెరక వైపు నడుస్తున్నారు, ఎవరో ఏదో అంటే మళ్లీ ఆగుతున్నారు. మా చెల్లి గడపలో తెల్లచీర. పెద్దమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

పెద్దమ్మా, పెద్దమ్మా అని గొంతు చించుకున్నాను. పిల్లలంతా నాతోపాటు అరిచారు. ఆ సైరన్ హోరులో ఎవరికి వినిపిస్తుంది? ఆ సైరన్ మోగిస్తున్నది ఈయనేనని తర్వాత తెలిసింది. ఎవరినీ అడగకుండా, కట్ట అంచు జారడం చూసి పరిగెత్తుకెళ్లి నొక్కి, నొక్కిన వేలు తీయలేదట.

అప్పుడు ఢామ్మని శబ్దం వచ్చింది. కట్ట తెగిన శబ్దం. గని పేలుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. నేల కూడా అలాగే అదిరింది.

గడపల్లో ఉన్నవాళ్లు లేచారు. అమ్మయ్య, పేలింది అనుకుని ఉంటారు. లోపలికి వెళ్లారు. దుమ్ము వస్తుంది కదా. నేను చూస్తుండగా దిగువ వీధిలో కిటికీలు ఒక్కొక్కటీ మూసుకున్నాయి. మా చెల్లి ఇంటివి ముందు వైపు రెండూ మూసుకున్నాయి. పక్కది మూసుకుంది. వెనక కిటికీ గొళ్లెం బిగుసు కదా, అక్కడ ఆలస్యమై ఉంటుంది.

బురద నీళ్లలా రాలేదు. మెల్లగా వస్తున్నట్టే ఉంది, కానీ వీధి చివర ఇల్లు చూస్తుండగానే లేదు. తర్వాతది లేదు. నేను పిల్లల మొహాలు నా వైపు తిప్పేసుకోవడానికి చూశాను. అందరినీ తిప్పలేకపోయాను.

ఆగస్టు 12

దొరకలేదు.

ఆగస్టు 15

గనిలో ఉన్నవాళ్లకి ఏమీ కాలేదు. మరిది ఇన్నాళ్లూ బురద తవ్వేవాళ్లతోనే ఉండి ఇవాళ వచ్చారు. చెల్లిని పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చారు. వదినగారూ, మీరు దేవతలు, దీన్ని పైకి తెచ్చుకోకపోతే నేనేమైపోయేవాణ్ణి అని నా కాళ్లకి దణ్ణం పెట్టబోయారు. నేను పెరట్లోకి పోయి కక్కుకున్నాను.

ఆగస్టు 19

టీవీలో మేనేజరు. కట్టకి ప్రమాదం ఉందని మాకెవరూ చెప్పలేదు అంటున్నాడు. ఈయన లేచి టీవీ కట్టేశారు. విచారణకి పిలిచారు. ఊట సంగతి చెప్పేశారట, ఉద్యోగం సంగతి ఇక ఆలోచించడం లేదట.

ఇంట్లో ఎవరికైనా ముందు చెప్పావా అని కూడా అడిగారట. లేదన్నాను అని చెప్పారు. నన్ను కాపాడారట.

ఆగస్టు 20

పెద్దమ్మ దొరికింది. వెనక గదిలోనే ఉందట.

ఆగస్టు 28

మగపిల్లాడు. చెల్లి క్షేమం. ఆ అయిదు చొక్కాల్లో మొదటిది వేశాం. చేతులు పొడుగయ్యాయి. అయిదోదానికి బొత్తాలు లేవు, వరండాలో మిషను సూది కిందే ఉంది. తీయడానికి ఎవరికీ చేతులు రావడం లేదు.

సెప్టెంబరు 14

డాక్టరు పిల్లాణ్ణి చూడ్డానికి ఇంటికి వచ్చాడు. చెల్లి పొంగిపోయి ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టింది. మీరు ఆరోజు మా అక్కతో ఎగువకి పంపమని చెప్పారు కాబట్టి నేనూ నా బిడ్డా బతికాం అంది. డాక్టరు తెల్లబోయాడు. నేనెప్పుడు చెప్పానమ్మా, నేను మీ అక్కయ్యగారిని ఈ మధ్య చూడనేలేదే అన్నాడు. మర్యాదస్తుడు, నా మొహం చూసి, చెప్పే ఉంటానులే, మర్చిపోయుంటాను అని సర్దాడు. సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

పిల్లాడు పాలు తాగడం అయిపోయింది, చెల్లి వాణ్ణి భుజాన వేసుకుని వీపు నిమిరింది, పడుకోబెట్టింది. ఈయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఒంటిగంట అయింది. గని మూసేశారు, సైరన్ లేదు, అయినా నేను లేచి కిటికీలు తెరుస్తున్నాను. రోజూ తెరుస్తున్నాను.

“అక్కా,” అంది వెనక నుంచి. “నీకు ముందే తెలుసా?”

లేదన్నాను.

“మరి పెద్దమ్మని రోజూ కిందికి పోనిచ్చావు కదా. తెలిస్తే పోనివ్వవు కదా,” అంది. నన్ను అడగడం లేదు, తనకి తను చెప్పుకుంటోంది. “తెలిస్తే నువ్వు పోనివ్వవు.”

పోనివ్వను అన్నాను.

ఈయన నా వైపు చూడలేదు. బూట్లు విప్పి, గోడ వారగా పెట్టి, లోపలికి వెళ్లారు.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. చెప్పలేదు.